ఒకటో నంబరు పలక

నేను ఒక పలకను. పిల్లలు అ ఆలు దిద్దే పలక కాదు లెండి, కొట్టుకి తలుపుగా వేసే మద్ది పలకని. షట్టర్లు వచ్చాక పుట్టినవాళ్ళకి మా సంగతి తెలియదు. కింద గడపలో ఒక గాడి, పైన దూలంలో ఒక గాడి. ఆ రెండింటి మధ్య ఏడు పలకల్ని వరసగా జరిపి నిలబెడితే కొట్టు మూసినట్టు, ఒక్కొక్కటే తీసి గోడకి చేరేస్తే తెరిచినట్టు. వరస తప్పకుండా ఎర్ర రంగుతో అంకెలు వేస్తారు. నాది ఒకటి. గొప్పలు పోతోందనుకున్నా సరే, మా ఏడింట్లోనూ ముందు నిలబడేది నేనే.

నేను పుట్టింది గోదావరి వరదలో. మన్యంలో ఎక్కడో కూలిన చెట్టు దుంగై కొట్టుకొస్తుంటే, మొగలిలంక పడవవాడు ఓలేటి కామేశు తాడు విసిరి పట్టాడు. ఆ దుంగని తెచ్చి, రేవులో అప్పుడే కిరాణా కొట్టు పెట్టుకున్న స్నేహితుడు పేర్రాజు ముందు పడేశాడు. "నీ కొట్టుకి తలుపుల్లేవు. నా పడవకి తలుపులక్కర్లేదు. తీస్కోరా" అన్నాడట. కోసేటప్పుడు వడ్రంగి చెయ్యి జారి నేను మిగతావాటికన్నా బెత్తెడు వెడల్పు వచ్చాను. "ఒకటో నంబరు కదండీ, పెద్దగానే ఉండాలాయ్" అని వాడు తన తప్పుని నా గౌరవం కింద మార్చేశాడు. మనుషుల్లో ఈ తెలివికేం లోటు లేదు.

మొగలిలంకకి నాలుగువైపులా నీళ్ళే. ఉప్పురాయి దగ్గర నుంచి పెళ్ళికూతురు దాకా ఏదొచ్చినా రేవులోనే దిగాలి. రేవులో అయిదు కొట్లు. మా పక్కది పల్లాలమ్మ బజ్జీల కొట్టు. మొగుడు పోయాక మూకుడు పట్టుకున్న మనిషి. పేర్రాజుని బాబాయ్ అంటుంది, ఆయన్నే రోజూ నాలుగు తిడుతుంది. "నీ ఉల్లిపాయలు కుళ్ళిపోయినయ్యి బాబాయ్, నీకేమో నవ్వొకటి!" అని అరుస్తూనే అవే తీసుకుపోయేది. అలా ముప్పై అయిదేళ్ళు గడిచాయి. ఎండకి బిగుసుకున్నాను, వానకి ఉబ్బాను, పేర్రాజు అరచేతి చెమటకి అంచులు నునుపెక్కాను.

మా రేవుకొక మర్యాద ఉండేది. లంకవాళ్ళకి శ్మశానం పాయ అవతలి ఇసుకలో. శవం పడవెక్కడానికి రేవులోంచే పోవాలి. డప్పు వినపడగానే అయిదు కొట్లవాళ్ళూ ఒకటో నంబరు పలక వేసేవారు, ఆ ఒక్కటే. పడవ పాయ మధ్యకి వెళ్ళాక తీసేవారు. పోయినవాడు ఏ కులంవాడైనా, బతికుండగా ఎంతటి తగాదాకోరైనా, ఆ పలక మాత్రం తప్పేది కాదు. రేవువాళ్ళలో ఒకరు పోతే మాత్రం ఏడు పలకలూ వేసి అందరూ వెళ్ళాలి. ఇదెవరూ రాసిపెట్టలేదు. రాసి ఉంటే బాగుండునని తరవాత నేను చాలాసార్లు అనుకున్నాను.

లంక తూర్పు కొసన రిసార్టు వచ్చింది. మొదట్లో అందరూ సంతోషించారు. పేర్రాజైతే చల్లటి సీసాలు కూడా తెప్పించి పెట్టాడు. ఆ అతిథులెవరూ రేవు మొహం చూడలేదు, వాళ్ళ మోటారు బోటులో వాళ్ళే దిగేవారు. ఏడాది తిరక్కుండా మాట మారింది. పాత రేవు తీసేసి కొత్తది కడతారట. నడుస్తున్న కొట్లకి అక్కడ చోటిస్తారట, మూతబడ్డవాటిని పీకేస్తారట. మంగళవారం సర్కారు కొలతల మనిషొచ్చి చూసి రాసుకుపోతాడు, అందరూ కొట్లు తెరిచి ఉండాలని చాటింపు వేశారు.

ఆ మంగళవారం తెల్లారేసరికి కామేశు పోయాడు. పడవ తాడు విప్పుతూ అలాగే ఒరిగిపోయాడు.

పేర్రాజు లేచి నన్ను ఎత్తి గాడిలో పెట్టాడు. తరవాత రెండు, తరవాత మూడు. నాలుగో పలక దగ్గరుండగా పల్లాలమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"బాబాయ్, ఇయ్యేల కొలతలోళ్ళు వత్తారు గదా. ఒక్క కొట్టన్నా తెరిసుంచుదామా? నేనుంటాలే."

"కొలతలోళ్ళు రేపైనా వత్తారే పల్లాలూ. కామేశు రేపు మళ్ళీ పోతాడా?"

ఆవిడ వెళ్ళి తన కొట్టు పలకలు వేసుకుంది. మగవాళ్ళు శవంతో పడవెక్కారు, ఆడవాళ్ళు కామేశు పెళ్ళాం దగ్గరికి వెళ్ళారు. అయిదు కొట్లూ నిండా మూతబడ్డాయి, రేవులో కుక్క తప్ప ఎవరూ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే దిగాడా మనిషి, రిసార్టు మోటారు బోటులో. వెంట రిసార్టు మేనేజరు. నా మీద వేళ్ళతో తట్టి "ఎవరండీ లోపల?" అన్నాడు. నేనేం చెప్పను? "ఇవి ఎప్పుడూ ఇంతేనండి" అన్నాడు మేనేజరు, చల్లగా. అబద్ధమయ్యా! నాలుగ్గంటల కింద తెరిచే ఉంది, ఈ లంక లంకంతా ఇక్కడే ఉప్పు కొనుక్కుంటుంది! ఎంత గింజుకున్నా చెక్కకి నోరెక్కడిది? ఆ మనిషి కాగితం మీద ఏదో రాసుకుని, సుద్దతో నా గుండెల మీద ఇంటూ గుర్తు గీసి పోయాడు. చచ్చినవాడికి మర్యాద చేసినందుకు మాకు పడ్డ శిక్ష అది. మూసింది నాతోనే కాబట్టి, ఆ పాపంలో సగం నాదే అనిపిస్తుంది.

పేర్రాజూ, పల్లాలమ్మా కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. "చావుకెళ్ళామండీ, అంతే" అంటే నవ్వినవాళ్ళున్నారు, జాలిపడ్డవాళ్ళున్నారు, కాగితం మార్చినవాళ్ళు లేరు. వినాయక చవితి వెళ్ళాక యంత్రం వచ్చి అయిదు కొట్లనీ ఒక్క పూటలో నేలమట్టం చేసింది. పేర్రాజు మా ఏడుగుర్నీ ముందే విప్పి ఇంటి చూరు కింద వరసగా నిలబెట్టుకున్నాడు. ఆ తరవాత ఉప్పుకీ కిరసనాయిలుకీ కూడా ఏరు దాటాలి. రోజూ దాటేవాళ్ళు కొన్నాళ్ళకి అవతలే ఇళ్ళు చూసుకున్నారు. ఖాళీ అయిన ప్రతి ఇంటి చుట్టూ రిసార్టు కంచె జరుగుతూ వచ్చింది.

ఒకనాడు మేనేజరే పేర్రాజు ఇంటికొచ్చాడు. "మీ పాత రేవుని మళ్ళీ నిలబెడుతున్నామండీ, మీ కొట్టు మొహం అలాగే ఉంటుంది, ఈ పలకలు కావాలి" అన్నాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది. చేత్తో పట్టుకుని, నూనె రాసి మరీ మమ్మల్ని అప్పగించాడు. "ఒకటో నంబరు ముందు పెట్టాలండి, బెత్తెడు వెడల్పెక్కువ" అని జాగ్రత్త కూడా చెప్పాడు.

మమ్మల్ని పడుకోబెట్టారు. ఇనప స్టాండ్ల మీద పెట్టి, నది వైపు వరండాలో తాగేవాళ్ళకి టేబుళ్ళు చేశారు. అంకెలు చూడముచ్చటగా ఉన్నాయని చెరపలేదు. నేను ఒకటో నంబరు టేబుల్‌ని. పేర్రాజు ఒకసారి కొట్టు చూసుకుందామని గేటు దాకా వస్తే, బుకింగ్ ఉందా అని అడిగి పంపేశారట. ఆ మాట చెప్పింది పల్లాలమ్మే. బజ్జీల మూకుడు అటకెక్కించి, ఆవిడ కూడా అక్కడే నీలం చీర కట్టుకుని టేబుళ్ళు తుడిచే పనికి చేరింది. "నిన్ను కూడా పండబెట్టేశారేంటే ఒకటో నంబరూ" అంటూ తుడిచేది.

ఆషాఢంలో పేర్రాజు పోయాడు. పల్లాలమ్మ సెలవడిగితే ఆదివారం రద్దీ అన్నారు. మధ్యాహ్నం నా మీద నలుగురు కూర్చుని రొయ్యల వేపుడు తింటున్నారు. పాయలోంచి డప్పు వినిపించింది. మోయడానికే సరిపడా మనుషులు లేని లంక. పడవలో ఆరుగురుంటే ఎక్కువ. పల్లాలమ్మ గుడ్డ పక్కన పడేసి నా దగ్గరికి వచ్చింది.

"కాస్త లెగండి బాబూ."

వాళ్ళు లేవకముందే నా అంచు పట్టుకుని ఎత్తింది. ప్లేట్లు, గ్లాసులు, రొయ్యలు అన్నీ కిందికి జారాయి. నన్ను ఈడ్చుకెళ్ళి రెయిలింగుకి ఆనించి, అంకె నది వైపు కనపడేలా నిలబెట్టింది. ఎన్నాళ్ళయిందో నిటారుగా నిలబడి! పడవలో గడ వేస్తున్నవాడు చూసి చెయ్యి ఆపేశాడు. డప్పు కూడా ఆగింది. పేర్రాజు పెళ్ళాం ఒడ్డున నిలబడి రెండు చేతులూ జోడించడం నాకు కనిపించింది. పడవ పాయ మధ్యకి చేరేదాకా పల్లాలమ్మ నన్ను రెండు చేతులతో పట్టుకునే ఉంది. మేనేజరు అరుస్తున్నాడు, చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఆవిడ కదల్లేదు. ఆ తరవాతే వదిలింది, వదిలిన చోట నేను పడి నిలువునా పగిలాను.

సాయంత్రానికి ఆవిడ పని పోయింది. మర్నాడు మూకుడు చంకన పెట్టుకుని ఏరు దాటి వెళ్ళిపోయిందని జనరేటరు దగ్గర ఎవరో అనుకుంటుంటే విన్నాను. నేనిప్పుడు ఆ జనరేటరు వెనకాల, విరిగిన కుర్చీల పక్కన పడి ఉన్నాను. శనివారం అతిథుల కోసం ఇసుకలో మంట వేస్తారట. ఎండిన మద్ది బాగా మండుతుందని నన్ను తీసి పక్కన పెట్టారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇన్నాళ్ళూ సామెత అనుకునేదాన్ని.

కాలడానికి భయం లేదు. రెండు నుంచి ఏడు దాకా నా తోబుట్టువులు వరండాలోనే, మంట కనిపించేంత దూరంలోనే ఉంటారు. వాళ్ళని లేపి నిలబెట్టే మనిషే ఇక లంకలో లేదు.