పాత నీళ్లు

ఆ డబ్బాలో నీళ్లు పారబోసింది నేనే. దాని మీద "పాతవి" అని రాసి ఉంటే, పాతవేగా అని పారబోశాను.

మేం రొయ్య పిల్లల్ని పెంచుతాం. సముద్రాన్ని ఆనుకుని పొడవాటి రేకుల షెడ్డు, అందులో వరసగా ట్యాంకులు, చిట్టచివర మంచం పట్టేంత ల్యాబ్ గది. ఆ గదిలో సీసాలు కడుగుతాను. ల్యాబ్ చూసే మేడమ్ కొలిచి ఇచ్చిన పొడిని, ఆవిడే పోసిచ్చిన నీళ్లలో కలిపి ఉడికించి, ఆ జావని గాజు ప్లేట్లలో పోసి గడ్డకట్టనిస్తాను. దాని మీద మేడమ్ ఒక చుక్క ట్యాంకు నీళ్లు వేసి పరుస్తారు. రెండు రోజులకి ప్లేటు మీద చుక్కలు లేస్తాయి. కంటికి ఆనని జీవి ఒక్కటి తిని, రెండై, నాలుగై, ఒక ఊరంత అయితే గాని మనకి చుక్కలా కనపడదట. ఆ చుక్కల్ని కాలనీలంటారు. అవి ఎన్ని ఉంటే నీళ్లలో అంత సరుకున్నట్టు.

"మా కాలనీలో వారానికి రెండుసార్లు నీళ్లు. మీ కాలనీల్లో ఎప్పుడూ నీళ్లే. పుడితే అక్కడ పుట్టాలమ్మాయ్" అంటాడు గాలి బాబాయి. ట్యాంకులకి గాలి కొట్టే మిషన్లు ఆయన చేతిలో ఉంటాయి కాబట్టి ఆ పేరు.

చేరి రెండు నెలలైంది. మూడు నెలలు ఏ మాటా పడకుండా గడిస్తేనే ఉంచుకుంటారు. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసినదాన్ని, ఈ పని దొరకడమే గొప్ప. దానికంటే గొప్ప, రెండింటికల్లా వదిలేస్తారు. పాపకి పది నెలలు. మూడింటికి అత్తయ్య కుట్టుపనికి వెళ్లిపోతుంది. ఈ వేళలకి సరిపోయే పని ఇంకోటి ఎక్కడా లేదు, వెతికాను. నాకు ముందు చేసినామెని ఒక్క తప్పుకే పంపేశారని కూడా విన్నాను.

ఈ గదిలోకి వచ్చాక నాకు భయాలు పెరిగాయి. పాప చెంచాని మూడుసార్లు మరిగిస్తాను. పాప నేల మీద చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంటే నా ప్రాణం పోతుంది. ఒకసారి మేడమ్‌కి చెబితే నవ్వారు.

"అన్నీ రోగాలు తెచ్చేవి కావు. ఒక చెంచాడు సముద్రపు నీళ్లలో యాభై లక్షల దాకా ఉంటాయి. చచ్చినదాన్నల్లా కుళ్లబెట్టి మళ్లీ తిండిగా మార్చేది అవే. అవి లేకపోతే ఈ సముద్రం ఎప్పుడో శవాల గుట్టయ్యేది. మనతో తగువు పెట్టుకునేవి ఏవో నాలుగు రకాలు."

ఆ నాలుగు రకాలు ఏ చెంచాలో ఉన్నాయో ఎలా తెలుస్తుందని అడుగుదామనుకున్నాను.

పోయిన వారమంతా పాపకి దగ్గు. ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటే నాకు కన్ను మూతపడేది కాదు. శనివారం మేడమ్ సెలవు. గది కడిగేయమన్నారు, కడిగాను. మూలన నల్లగుడ్డ కప్పిన పెద్ద డబ్బా కనపడింది. గుడ్డ తీసి చూస్తే మూత చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. "పాతవి" అన్న అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఎన్నాళ్లవో, ఎవరు మరిచిపోయారో అనుకున్నాను. నిద్రలేని బుర్రకి అంతకంటే తట్టలేదు. మోరీలో ఒంపేసి, డబ్బా తోమి, వడగట్టిన మంచినీళ్లు నింపి, గుడ్డ కూడా ఉతికి కప్పాను. చేసిన పనికి తృప్తి కూడా కలిగింది.

సోమవారం జావ కాస్తుంటే, ఎప్పుడూ తనే నీళ్లు పోసిచ్చే మేడమ్ "డబ్బాలో నీళ్లే పొయ్యి" అన్నారు. పోశాను.

బుధవారం ప్లేట్లు తీస్తే అద్దం ముక్కల్లా ఉన్నాయి. నాలుగో ట్యాంకువి ఆరు ప్లేట్లు, ఆరింటి మీదా కలిపి రెండు చుక్కలు. మేడమ్ వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పారు.

"సముద్రపు నీళ్లకి కొత్త ఫిల్టరు పెట్టడం పనిచేసిందే" అన్నారు. ఆవిడ మొహం కూడా పీక్కుపోయి ఉంది. సెలవు పెట్టింది వాళ్లమ్మని ఆసుపత్రిలో చూసుకోవడానికని ఆ పొద్దునే తెలిసింది. "బాబాయ్, పన్నెండింటికి పిల్లల్ని నాలుగులో వదిలేయొచ్చు."

తల్లి రొయ్యల గది నుంచి అప్పుడే పొదిగిన పిల్లలు రెండు లక్షలు వచ్చి ఉన్నాయి, దుమ్ములాగా, బకెట్లలో గాలి పెట్టుకుని.

గాలి బాబాయి గుమ్మంలో నిలబడే ఉన్నాడు. "అంత బాగున్నాయా నీళ్లు? ఉత్త మంచినీళ్లు పోసినా ఇంత శుభ్రంగా రావేమో."

"మంచినీళ్లలో అసలు రావు" అన్నారు మేడమ్ రాసుకుంటూ. "సముద్రపు జీవులకి ఉప్పు లేకపోతే కుదరదు. మంచినీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి. అందుకేగా మన జావ కూడా సముద్రపు నీళ్లతోనే కాసేది. అదీ తాజావి పనికిరావు. మూడు నెలలు చీకట్లో పెడితే, అందులో ఉన్నవి ఉన్న తిండంతా తినేసి సద్దుమణుగుతాయి. అప్పుడు ఆ నీళ్లు ఎప్పుడు వాడినా ఒకేలా ఉంటాయి. ఆ డబ్బా అదే. పాత నీళ్లు."

నా చేతిలో సీసా ఉంది. దాన్ని కింద పెట్టాను.

టైము పదకొండున్నర. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇంకోసారి సముద్రపు నీళ్లు తెచ్చి పోసెయ్యొచ్చు. నాలుగో ట్యాంకు నిజంగానే బాగుండొచ్చు కూడా. నోరు తెరిస్తే రేపట్నుంచి నేనుండను. తలుపు అవతల బకెట్లు బుడగలు వేస్తున్నాయి. బాబాయి అటు తిరిగాడు.

"మేడమ్, ఆ డబ్బాలో ఉన్నవి మంచినీళ్లు."

"ఏ డబ్బా?"

"నల్లగుడ్డది. శనివారం పారబోశాను. పాచినీళ్లనుకున్నాను."

ఆవిడ కలం ఆగింది. బాబాయే డబ్బా దగ్గరికి వెళ్లి, మూత తీసి, వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు.

"ల్యాబులో నోట్లో వేళ్లు పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారు మేడమ్.

"చప్పగా ఉన్నాయి. పప్పులో పోసుకోవచ్చు."

మేడమ్ కళ్లద్దాలు తీసి, కళ్లు మూసుకుని ముక్కు మీద నొక్కుకున్నారు. ఆవిడ తిడితే బాగుండుననిపించింది.

"పిల్లల్ని మూడులో పెట్టు బాబాయ్. దాని లెక్క పోయిన వారం చూసిందే."

"అది సగం నిండి ఉంది. ఇరుకులో కొన్ని పోతాయి."

"పోతే పోతాయి. నాలుగులో ఏముందో తెలియదు." నా వైపు చూశారు. "ఇవాళ తెచ్చిన సముద్రపు నీళ్లు వడగట్టి, వాటితో జావ కాయి. లెక్క కచ్చితంగా రాదు గాని ఉందో లేదో తెలుస్తుంది. ముందు జరిగింది పుస్తకంలో రాయి. నువ్వే రాయి."

రాశాను. నాలుగు వాక్యాలు. "పారబోశాను" దగ్గర దీర్ఘం మరిచిపోయి మళ్లీ పెట్టాను. కింద సంతకం చేయమన్నారు.

ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అన్నం కలుపుతుంటే పాప నా మొహం చూసి ఊరుకునేది.

శుక్రవారం, ప్లేట్లని వెచ్చగా ఉంచే పెట్టె తెరిచేసరికి ప్లేట్లు తీయక్కర్లేకుండానే కనపడింది. చుక్కలు కాదు, ఒకదాని మీదొకటి ఎక్కి పాలమీగడలా కమ్మేశాయి. మేడమ్ ఒక ప్లేటు తీసుకుని సామాన్ల గదిలోకి నడిచి, నన్ను రమ్మని తలుపు మూశారు. దీపం తీసేశారు. చీకటి. కాసేపటికి ఆవిడ చేతిలో ఆకుపచ్చగా ఏదో తేలింది. సన్నగా, చల్లగా, ప్లేటు గుండ్రం అంతా.

"చూశావా. మెరిసే రకం. సముద్రంలో ఎక్కడో ఒకటీ అరా ఉంటే ఏమీ కాదు. ట్యాంకులో ఇంత చేరితే పిల్లలు రాత్రికి మిణుకుమంటాయి, తెల్లారేసరికి అడుగున ఉంటాయి. ఫిల్టరు కారుతున్నట్టుంది."

అంత అందమైనదాన్ని నేనెప్పుడూ చూడలేదు. చూస్తున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను.

పదింటికి ఓనరు గారు వచ్చారు. గది బయట నిలబడ్డాను. లోపల మాటలు వినపడలేదు, కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం రెండుసార్లు వినపడింది. ఆయన వెళ్లాక మేడమ్ వచ్చారు.

"నీ మూడు నెలలు ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు."

"పొమ్మనలేదా మేడమ్?"

"అన్నారు. ఆయన పెట్టించిన ఫిల్టరు మాట నేను ఎత్తాక ఆపేశారు." కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆ డబ్బా సంగతి నేను నీకు చెప్పి ఉండాల్సింది. చెప్పాననే అనుకున్నాను" అన్నారు. "నాలుగో ట్యాంకు ఖాళీ చేసి మందు పెట్టి తోమాలి. ఇవాళే. రెండింటికి అవదు."

అత్తయ్యకి ఫోన్ చేశాను.

"ఆలస్యమవుతుందత్తయ్యా. ఆరవుతుంది."

"మరి నా పని?"

"ఇవాళ ఒక్కరోజు."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "ఒక్కరోజంటే ఒక్కరోజే. రేపు ఈ మాట మళ్లీ వింటే పిల్లని నీ ట్యాంకు దగ్గరే దించి పోతాను."

"అలాగే."

"పొద్దుట్నుంచి దగ్గలేదులే" అని పెట్టేసింది.

గాలి బాబాయి మోకాళ్ల దాకా వచ్చే బూట్లు తెచ్చి నా ముందు పడేశాడు. నా పాదానికి రెండింతలున్నాయి. తొడుక్కుని నిచ్చెన దిగాను. నీళ్లు ఇంకా అడుగున అరచెయ్యంత ఉన్నాయి, పగటి వెలుతురులో మామూలు నీళ్లలాగే. చీపురు అందుకుని మూల నుంచి మొదలుపెట్టాను.