రెండు దారుల దగ్గర పసుపు గుడ్డ

నేను ఒక పసుపు గుడ్డ పేలికను. మూరెడు పొడవు, బెత్తెడు వెడల్పు. ఒక కొసన కాస్త ఎర్రంచు మిగిలి ఉంది. నన్ను చూసి మూతి ముడవకండి, ఒకప్పుడు నేనూ చీరనే.

నన్ను నేసినవాడి ముఖం గుర్తులేదు గానీ అతని మోకాళ్ళ నొప్పి గుర్తుంది. మగ్గం గుంటలో కాలు కదిపినప్పుడల్లా నిట్టూర్చేవాడు. శృంగవరపుకోటలో వ్యాయామ ఉపాధ్యాయుడు దాలినాయుడు మాస్టారి భార్య సత్యవతి నన్ను కొనుక్కుంది. ఇంటికి తెచ్చాక రంగు మరీ కొట్టొచ్చినట్టుందని ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి కట్టలేదు. ఎవరికీ నచ్చని ఆ రంగే చివరికి నాకు కొలువు ఇప్పించింది.

మాస్టారికి ఉడుముకొండ మీద పరుగు పందెం పెట్టాలని సరదా. మొదటి ఏడాది దారి పొడవునా ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టించారు. పందెం అయిన మూడు నెలలకు కూడా అవి పొదల్లో వేలాడుతూనే ఉన్నాయి. ఒక మేక వాటిని మింగి చచ్చిపోయింది. మేక గలావిడ మాస్టారి ఇంటి ముందు కూర్చుని పొద్దంతా ఏడ్చింది, తిట్టలేదు. ఆ ఏడుపు ఆయన మర్చిపోలేకపోయారు. మరుసటేడు నీళ్ళకు కుండలు, స్టీలు గ్లాసులు పెట్టారు. పక్షులు గూళ్ళు కట్టుకునే నెలలు వదిలేసి చలికాలంలో రోజు చూసుకున్నారు. మైకు మానేశారు. దారి గుర్తులకు పాత చీరలు చింపుదామన్నారు.

ఏ రంగు చీరలన్న మాట వచ్చినప్పుడు పైడితల్లి కల్పించుకుంది. ఆమె ఊళ్ళో పిండిమర నడుపుతుంది. పుట్టుకతోనే చూపు తక్కువ. మనుషులు నీడల్లా కనిపిస్తారు, ముదురు పసుపు మాత్రం దగ్గరికొస్తే తెలుస్తుంది.

"నానూ పరిగెడతాను మాస్టారూ. ఇన్నాళ్ళూ ఎవలో ఒకలు చెయ్యి పట్టుకుని నడిపించినవోళ్ళే. కొండెక్కడం మాత్రం నానే ఎక్కుతాను. పసుపు గుడ్డలు కట్టండి, సాలు," అంది.

సత్యవతి లోపలికి వెళ్ళి నన్ను తెచ్చింది. కత్తెర పడినప్పటి నొప్పి కన్నా, అంత తేలిగ్గా ఇచ్చేసిందే అన్న బాధ ఎక్కువైంది. నలభై ముక్కలమయ్యాం.

కొండ సగంలో దారి రెండుగా చీలుతుంది. ఎడమది శిఖరానికి, కుడిది పాత రాతి క్వారీ అంచుకు. అక్కడ ఎడమవైపు చెట్టుకు మాస్టారు రెండు గుడ్డలు కట్టారు. అందరి కోసం ఒకటి పైన. పైడితల్లి పొట్టి మనిషి కాబట్టి, ఆమె కంటి ఎత్తులో నన్ను.

గుర్తులు విప్పే పని ప్రకాశరావు గారిది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు శుభ్రత ఇష్టమని చెప్పడం చాలదు, అది లేకపోతే ఆయనకు అన్నం సయించదు. ఆఖరి మనిషి వెనకే నడుస్తూ గుడ్డలు విప్పి సంచిలో వేసుకోవాలి. ఆ ఉదయం ఆఖరున కుంటుకుంటూ వెళ్తున్న ఒకాయనను చూసి, ఇతనే ఆఖరు అనుకున్నారు. అప్పుడు పైడితల్లి దారి దిగువన ఊట దగ్గర కూర్చుని తెగిన బూటు తాడు ముడివేసుకుంటోంది. నీళ్ళ చప్పుడులో ఆయన అడుగులు ఆమెకు వినబడలేదు. ఆయనకు ఆమె కనబడలేదు.

నా దగ్గరకొచ్చి పైనున్న గుడ్డ విప్పారు. పొడుగాటి మనిషి, కిందికి చూడలేదు. నన్ను వదిలేసి వెళ్ళిపోయారు.

చాలాసేపటికి పైడితల్లి వచ్చింది. అప్పటికే గుర్తులు లేని దారిలో కాళ్ళతో తడుముకుంటూ నడిచి వచ్చినట్టుంది, మోచేయి గీరుకుపోయి ఉంది. చీలిక దగ్గర ఆగి కుడివైపు నాలుగడుగులు వేసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. గుడ్డ ముక్కకు నోరెక్కడిది? ఆమె ఆగి, వెనక్కి తిరిగి, చెట్లను ఒక్కొక్కదాన్నీ దగ్గరగా చూడసాగింది. నా ముందుకొచ్చి నిలబడింది. ఊపిరి తగిలింది. నన్ను మెల్లగా విప్పి గుప్పిట్లో పట్టుకుంది. కొండ మీద ఏదీ వదలకూడదన్న మాట ఆమెకూ గుర్తే.

పైన ప్రకాశరావు గారు గుడ్డలు లెక్కపెట్టారు. ముప్పైతొమ్మిదే వచ్చాయి. మనుషుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక్క గుడ్డ కోసం ఆయన ఆదరాబాదరాగా కిందికి బయల్దేరారు. దారిలో ఎదురైన మనిషిని అడిగారు.

"అమ్మా, ఇటేపు ఎక్కడైనా పసుపు గుడ్డ కనబడిందా?"

"కనబడింది బాబూ," అంటూ ఆమె గుప్పిట విప్పింది. "నాకే కనబడిందంటే, మీరెలాగ ఒగ్గీసినారో మరి."

అప్పుడు చూశారాయన, ఆమె ఛాతీ మీద పందెం నంబరు. కింద క్వారీకి పోయే కుడి దారి వైపు ఒకసారి చూశారు. చెయ్యి అందించబోయారు.

"వొద్దు బాబూ. మీరు ఎనకాల రండి."

ఆయన వెనకాలే వచ్చారు.

శిఖరం మీద పందెం ముగిసే చోట కట్టిన వెదురు కమాను అప్పటికే విప్పేశారు. జనం పులిహోర దగ్గర ఉన్నారు. సంగతి విన్న మాస్టారు, పందెం పూర్తిచేసినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం పట్టుకుని పరుగున వచ్చి గుడ్డ కోసం చెయ్యి చాచారు, ఏం చేస్తున్నారో తెలియకుండానే.

"ముందు నన్ను రాయండి మాస్టారూ," అంది పైడితల్లి. "గుడ్డ తరవాత."

ఆయన రాశారు. నన్ను మాత్రం తీసుకోలేదు.

మరుసటేటి నుంచి గుడ్డలు విప్పేది ఆఖరున వచ్చే మనిషే. ఎంత ఆలస్యమైనా కమాను కదలదు. ప్రకాశరావు గారు ఇప్పుడు కింద నిలబడి మనుషుల్ని లెక్కపెడతారు, రెండేసిసార్లు.

నాకు పైడితల్లి పిండిమర పిడికి కట్టి ఉండే కొలువు దొరికింది. ఇన్నేళ్ళ పిండికీ ఎండకూ నా పసుపు వెలిసిపోయింది. ఇప్పుడు నేను ఆమెకు కనబడను. పొద్దున్నే వచ్చి చెయ్యి చాచి నా కోసం తడుముకుంటుంది. నేను అక్కడే ఉంటాను.