లివరు మీద నేరం

ప్రతి నెలా ఇరవై తొమ్మిదిన ఆనవాయితీగా వండే నోకీలు తినకపోతే ఒఫేలియా ఇంట్లో మహాపరాధం. ఉడికించిన బంగాళాదుంపలో గోధుమపిండి కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి ఆవిడ వండితే, పరానా నది ఒడ్డున ఆ వీధి వీధంతా ఘుమఘుమలాడేది. కూతురు సుల్మా మాత్రం కొంతకాలంగా పళ్లెం పక్కకు నెట్టేస్తోంది.

గోధుమ తింటే చాలు, ఆ పిల్లకు కడుపు ఉబ్బి, మెలిపెట్టి, మనిషి సగమైపోయేది. మానేస్తే హాయిగా ఉందంటే తల్లి నమ్మదు. ఆవిడ లెక్కలో లోకంలోని కడుపునొప్పులన్నిటికీ లివరే కారణం. నోకీలు తిన్నప్పుడల్లా ఆవిడా పొట్ట పట్టుకుని, లివరును తిట్టి, బోల్డో ఆకు కషాయం తాగి పడుకునేది. సుల్మా పట్టుబట్టి, ఒంటికి గోధుమ పడని సీలియాక్ జబ్బుందేమోనని రక్తపరీక్ష చేయించుకుంటే, ఏమీ లేదని వచ్చింది.

"చూశావుటే? లివరే! మిగతావన్నీ వేషాలు," అని ఒఫేలియా వీధిలో చాటింపు వేసినంత పని చేసింది. సుల్మాకు తల కొట్టేసినట్టయింది.

కొత్త డాక్టరమ్మ ఆ కాగితం చూసి ఒకటే అడిగింది. "అప్పుడు రొట్టె తింటున్నావా?"

"మానేసి చాన్నాళ్లయిందండీ."

"ఇంకేం! గోధుమ లోపలికెళ్తేనే కదమ్మా రక్తం దానిమీద తిరగబడేది. ఆ తిరుగుబాటునే పరీక్ష పట్టుకుంటుంది. కొన్ని వారాలు రోజూ తిని రా. మరీ ఓర్చుకోలేకపోతే నాకు చెప్పు."

సుల్మా తినడం మొదలుపెట్టింది. ఇరవై తొమ్మిదిన పళ్లెం ముందుకు జరిపేసరికి తల్లి మొహం వెలిగిపోయింది.

"జబ్బు ఎటు పారిపోయిందే?"

"ఇంకో గరిటె వెయ్యమ్మా," అంది సుల్మా పళ్ల బిగువున. తర్వాత స్నానాల గదిలో కూర్చుని ఏడ్చింది. మర్నాడు మళ్లీ రొట్టె తింది. మొండితనమంటే అదీ!

ఈసారి రక్తం నోరు విప్పింది. అంకె హద్దు దాటి ఎక్కడికో పోయింది. పేగు పరీక్షా అదే మాట చెప్పింది. ఆ కాగితం తల్లి ముందు పెట్టినప్పుడు సుల్మాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఒఫేలియా రెండుసార్లు చదివి, కూతురి తల నిమిరింది.

మరుసటి ఇరవై తొమ్మిదిన పొయ్యి మీద కొత్త గిన్నె వెలిసింది. అందులో కర్రపెండలం పిండి నోకీలు. కూతురికి వడ్డించి, "నేనూ ఇవే తింటా, లివరుకు మంచివేమో," అంది ఒఫేలియా.

సుల్మా ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు కాదు. ఈ జబ్బు రక్తసంబంధంలో వస్తుందట. డాక్టరమ్మ నిన్నూ పరీక్షకు రమ్మంది. అందాకా నీకు గోధుమవే."

గోధుమ నోకీలున్న పాత గిన్నెను సుల్మా తల్లి ముందుకు జరిపింది.

"ఇంకో గరిటె వెయ్యనా అమ్మా?"