గడప దాటితే ఆంటీ

విద్యావతి కోడలికి రెండు పిలుపులు నేర్పింది. గడప లోపల 'అత్తమ్మా', గడప దాటితే 'ఆంటీ'.

నీమాది టాంజానియా. అబిడ్స్‌లో కాలేజీ చదువుకని వచ్చి, విద్యావతి కొడుకు ప్రణయ్‌ని చేసుకుని, నాంపల్లి గల్లీలో ఇల్లాలైంది. 'జర', 'ఏంది' మొగుడికంటే సమయం చూసి వాడేది. అంత తెలివిగల పిల్లకు ఆ రెండు పిలుపుల తేడా తెలియలేదని విద్యావతి అనుకునేది. అలా అనుకుంటేనే సుఖంగా ఉండేది మరి.

రిజిస్ట్రారాఫీసులో పెళ్లి జరిగిన రోజు విద్యావతికి మోకాలు నొప్పి. ఆ మోకాలే మర్నాడు అబిడ్స్‌లో చీరల దుకాణాలన్నీ ఎక్కి దిగింది. "ఎవరండీ ఆ అమ్మాయి?" అని ఎదురింటి బుజ్జమ్మ అడిగితే, "పై గదిల కిరాయికుంటది" అనేసింది. నల్లపిల్లను తెచ్చుకున్నారని నలుగురూ నవ్వుతారని భయం. అబద్ధానికి తోడు లేకపోతే తోచదు కదా, అందుకని కరెంటు మీటరు కూడా వేరేనని చేర్చింది.

ఇప్పుడు నీమా భార్యగా ఈ దేశంలో ఉండిపోవడానికి అర్జీ పెట్టుకుంది. కాగితాల మీది పెళ్లి ఇంట్లో కూడా ఉందో లేదో చూడటానికి మనిషి వస్తాడని వకీలు ముందే చెప్పాడు. దొంగ పెళ్లని రాస్తే పిల్ల పెట్టె సర్దుకోవాల్సిందేనన్నాడు.

ఆ మనిషి వచ్చాడు. పేరు సురేందర్. విద్యావతి భర్త శ్యామ్‌సుందర్ అబిడ్స్‌లో తన గడియారాల దుకాణంలో ఉన్నాడు, ప్రణయ్ ఆఫీసులో. నీమా ఇచ్చిన చాయ్ తాగి సురేందర్ తాపీగా అన్నాడు.

"అమ్మా, ముందుగాల ఎదురింట్ల అడిగొచ్చిన. ఈమె మీ ఇంట్ల కిరాయికుంటదట గదా. మీటరు గూడ వేరేనట. ఏది, జర చూపించున్రి."

మీటరు ఎక్కడైనా మొలుస్తుందేమోనన్నట్టు విద్యావతి గోడకేసి చూసింది.

"పెండ్లి ఫొటోలల్ల మీరు లేరేంది?"

"మోకాలు నొచ్చింది సార్."

"దావత్ చెయ్యలే, గల్లీల ఒక్కలకు చెప్పలే. నన్నేమని రాయమంటరు?"

నీమా వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడి ఉంది. 'అత్తమ్మే దాచమన్నది' అని ఒక్క మాటంటే చాలు, గట్టెక్కుతుంది. అనలేదు. ట్రేని చీర కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది విద్యావతికి.

లేచింది. "నాతోటి రాండ్రి సార్."

గల్లీ దాటింది. బుజ్జమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కన ఇస్త్రీబండి.

"బుజ్జమ్మా, నీకు అబద్ధం చెప్పిన. నీమా నా కోడలు."

బుజ్జమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "తెలుసండీ వదినగారూ."

"ఎప్పటిసంది?"

"మొదట్నించీనండీ. అద్దెకున్న పిల్ల మీ వాకిట్లో ముగ్గేసి, మీ అబ్బాయి చొక్కాలు ఆరేస్తదా? గల్లీలో ఎవరికి తెలీదు?"

"మరి సార్‌కు గట్లెందుకు చెప్పినవ్?"

"మీరు దాచుకున్న మాట నేనెట్టా బయటపెడతానండీ? మీ పరువు పోకూడదని మీటరు సంగతి కూడా గుర్తుపెట్టుకుని మరీ చెప్పాను!"

విద్యావతి వెనక్కి తిరిగి గల్లీ పొడుగునా చూసింది. కోడల్ని చూసి నవ్వుతారనుకున్న గల్లీ, ఇన్నాళ్లూ తనను చూసి జాలిపడింది. వరసపెట్టి అందరూ ఆమె అబద్ధానికి కాపలా కాశారు, ఊరెళ్లినవాళ్ల ఇంటికి కాసినట్టు.

సురేందర్ కలంతో తల గోక్కున్నాడు. "ఇగ ముందుగాల చెప్పింది రాయాల్నా, గిప్పుడు చెప్పింది రాయాల్నా?"

"రెండూ రాయున్రి సార్. అబద్ధమాడింది అత్త అని గూడ రాయున్రి. వాళ్ల పెండ్లిల దొంగతనం లేదు. ఉన్నదంత నాదే."

అతను రాసుకున్నాడు. బుజ్జమ్మ చేత సంతకం పెట్టించాడు. "పైకి పంపిస్త. ఫైసలా వాళ్లది," అని బండి దగ్గరకు నడిచాడు.

అతను మరచిపోయిన హెల్మెట్ పట్టుకుని నీమా పరుగున గడప దాటి వచ్చింది. "ఆంటీ, సార్ హెల్మెట్..."

అని నాలుక కరుచుకుంది. సురేందర్ బండి తాళం తిప్పబోతూ ఆగాడు. బుజ్జమ్మ చిక్కుడుకాయల్లోకి తల దించేసింది.

"పిల్ల తప్పు గాదు సార్," అంది విద్యావతి. "గడప బయట గట్లనే పిలువమని నేనే నేర్పిన. మల్ల పిలువు బిడ్డా."

నీమా ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. విద్యావతి తిరిగి చూడలేకపోయింది.

"అత్తమ్మా," అంది నీమా.

ఇస్త్రీబండి మనిషి తల కూడా ఎత్తలేదు. చొక్కా తిరగేసి, రెండో వైపు రుద్దుకుంటూ పోయాడు.