రెండో షిఫ్టు కోటు

జూన్ పదిహేడున రాత్రి మేం తిన్నది రొట్టె, ఉడికించిన గుడ్లు. ఆ తేదీ నేను మర్చిపోలేదు. ఆ పూట మా అమ్మాయి గుడ్డు పెంకు ఎడమచేత్తో ఒలవబోయి నానా తంటాలు పడింది. కుడిచెయ్యి బల్ల కిందే ఉంచుకుంది.

"ఏమైందే చేతికి?"

"ఏం లేదు నాన్నా. నువ్వు తిను."

గుడ్డు తీసుకుని నేనే ఒలిచి ఇచ్చాను. వాళ్లమ్మ ఉన్నన్నాళ్లూ ఇలాంటివి నాదాకా వచ్చేవి కావు. తనే చూసి, తనే మందు రాసి, తగ్గాక చెప్పేది. ఇప్పుడు చూసుకోవాల్సింది నేనే.

"చెయ్యి చూపించు."

మణికట్టు మీద కోటు గుండీ అంత ఎర్రటి వలయం. అంచంతా చిన్న చిన్న పొక్కులు, నడుమ మామూలు చర్మం. తామర.

"మందుల షాపులో ట్యూబు తెచ్చుకున్నాలే. రెండ్రోజుల్లో మాయమవుతుందన్నాడు. మా మేనేజరు కంట్లో పడితే నా పని ఊడిపోతుంది నాన్నా."

అమ్మాయి బేకరీలో పుట్టినరోజు కేకుల మీద క్రీముతో పూలు వేస్తుంది. చర్మం మీద మచ్చ కనిపిస్తే లోపలికి రానివ్వరు. తినే వస్తువు కాబట్టి అది సబబే. కానీ అలా ఇంటికి పంపినవాళ్లని మళ్లీ పిలవరు. అదెక్కడి సబబు?

రెండ్రోజుల్లో దురద నిజంగానే పోయింది. ఎరుపూ పోయింది. ట్యూబు పక్కన పెట్టగానే ఒక వలయం రెండయింది. మళ్లీ రాసింది, మళ్లీ తగ్గింది. ఈసారి మెడ మీదికి కూడా పాకింది. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఆ ట్యూబు పెట్టె మీద చీమ తలకాయలంత అక్షరాలు చదివాను. మూడు మందుల కలగలుపు. అందులో ఒకటి స్టెరాయిడ్.

ట్యూబు పట్టుకుని షాపుకి వెళ్లాను.

"తామర మందులో స్టెరాయిడ్ ఎందుకయ్యా?"

"దురద తగ్గడానికి మాస్టారూ. తగ్గిందా లేదా?"

"దురద తగ్గింది. తామర పెరిగింది."

"అయితే ఇంకో ట్యూబు వాడండి." నవ్వాడు. "తామరకి ఇంత రాద్ధాంతమా బాబాయ్! ఈ పేటలో సగంమంది ఇదే పట్టుకెళ్తారు."

"మళ్లీ మళ్లీ పట్టుకెళ్తారు. తగ్గితే ఎందుకొస్తారు?"

నేను అంగడి ముందు గొంతు పెంచే మనిషిని కాను. ఆ రోజు వీధి చివరిదాకా వినపడేలా అరిచాను. నా వెనకాల అదే ట్యూబు కోసం చెయ్యి చాచిన ఒకావిడ నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రోజుకి అదే పదివేలు.

చర్మవ్యాధుల డాక్టరమ్మ ట్యూబు చూసి తల పట్టుకుంది. "ఇది దురద తెలియకుండా చేస్తుంది. ఫంగస్ మాత్రం చాటుగా మేస్తూనే ఉంటుంది" అంది. ఉత్త ఫంగస్ మందు రాసిచ్చింది. పూటకోసారి, వలయం అంచు దాటి బాగున్న చర్మం మీదికి కూడా రాయాలి. మాయమైందని ఆపకూడదు, ఆ తర్వాత కూడా తను చెప్పినన్నాళ్లు రాయాలి. తువాలు వేరు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి, ఒంటి మీద తడి నిలవకూడదు.

బావ పెళ్లని చెప్పి అమ్మాయి సెలవు పెట్టింది. దానికున్నది ఒక్కడే బావ, వాడికిద్దరు పిల్లలు. నేను బట్టలు మరిగించాను, పక్కలు ఎండలో వేశాను. మెడ వెనక మందు రాయడం కూడా నా పనే.

"సుతారంగా నాన్నా! గోడకి సున్నం కొడుతున్నావా?"

"కేకు మీద పూలేసే చెయ్యి నీది. నాది కాదుగా."

తగ్గింది. డాక్టరమ్మ చెప్పినన్నాళ్లూ రాశాక పనికి వెళ్లింది. కొన్నాళ్లకి సరిగ్గా అదే మణికట్టు మీద అదే వలయం.

"అక్కడ ఏం తగులుతోందే?"

"బేకరీలో తొడుక్కునే కోటు చేతి పట్టీ."

"నీ కోటేగా?"

"నాదేంటి నాన్నా! మొదటి షిఫ్టు వాళ్లు విప్పిందే రెండో షిఫ్టు వాళ్లం తొడుక్కుంటాం. ఉతికేది ఆదివారమే. పట్టీ ఎప్పుడు చూసినా చెమటకి తడిగానే ఉంటుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. శుభ్రత పేరు చెప్పి మనుషుల్ని బయటికి గెంటేది వాళ్లే, ఒకరి చెమట ఇంకొకరికి తొడిగేదీ వాళ్లే!

"రేపు నేనొచ్చి మీ మేనేజరుని కడిగేస్తాను."

"నువ్వు రాకు. షాపులో అరిచావుగా, చాల్లే. ఇది నేను తేల్చుకోవాల్సింది."

మర్నాడు చీకటి పడకముందే ఇంటికొచ్చింది. పని ఊడిందనుకున్నాను. చెప్పులు విప్పి, కూర్చుని, చెప్పింది.

కోటు తొడుక్కోకుండా మేనేజరు ఎదుట నిలబడి చెయ్యి చూపించిందట. "ఇది మీ కోటు అంటించింది. ఉతికింది ఇస్తేనే లోపలికొస్తా."

"ఒళ్లు కడుక్కోవడం చేతగాక కోటు మీద పడతావేం? ఇంటికి పో" అన్నాడట.

అప్పుడు ఓవెన్ దగ్గర పనిచేసే పెద్దావిడ, అందరూ పొయ్యక్క అని పిలిచే ఆవిడ, తన చేతి పట్టీ పైకి లాగింది. అదే వలయం. ఆ వెనక ఇంకో ఇద్దరు లాగారు. అందరి సంచుల్లోనూ అదే ట్యూబు. పూలు లేని కేకులు వరసగా ఎదురు చూస్తుంటే, మేనేజరు యజమానికి ఫోను చేశాడు.

"రేపట్నించి ఎవరి కోటు వాళ్లకే. రోజూ ఉతుకుతారట."

"మరి నీ పని?"

"తగ్గాక నలుగుర్నీ తీసుకుంటానని యజమాని వచ్చి అందరి ముందూ ఒప్పుకున్నాడు."

"నమ్మొచ్చా?"

"ఏమో. ఒక్కర్ని వదిలేసినా తను వచ్చి ఓవెన్ ముట్టించనంది పొయ్యక్క."

ఆ రాత్రి మెడ వెనక వలయం తిరిగి రాలేదు కానీ ముందుజాగ్రత్తగా చూశాను. మణికట్టుకి మందు తనే రాసుకుంది, అంచు దాటించి. నేను చేతులు కడుక్కుంటూ ఆ మేనేజరుని, షాపువాణ్ణి, పెట్టె మీద చీమ తలకాయల అక్షరాలు అచ్చేసినవాణ్ణి ఒక్కొక్కణ్ణే తిట్టుకుంటూ వచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మాయి నిద్రపోయింది. మందు రాసిన చెయ్యి దుప్పటికి తగలకుండా బయట పెట్టుకుంది. ఇన్నాళ్లకి ఆ చెయ్యి దాచుకోకుండా పడుకుంది.

తిట్లు ఆపేశాను. గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాను.