పంటి గాట్లు

బొమ్మ గడియారం వెనక మూత మీద చిన్న చిన్న పంటి గాట్లు కనబడేసరికి ఒకటో తరగతి టీచరమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి. లోపల ఉండాల్సిన బటన్ బ్యాటరీ లేదు. నేలంతా వెతికింది, జేబులు దులిపింది, సంచులు బోర్లించింది. ఎక్కడా లేదంటే ఎవరో మింగారన్నమాటే. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లో లోపలంతా కాల్చేస్తుందని ఆమెకి తెలుసు.

"ఎవరర్రా మింగింది?"

ఇరవై ఇద్దరు పిల్లలూ ఒక్కసారిగా చేతులు వెనక్కి దాచుకున్నారు. ఆ విద్య నేర్పింది ఆవిడే మరి! చెక్క స్కేలు ముందు నోరు విప్పనివాళ్ళే బతికి బట్టకడతారని ఆరు నెలలుగా నూరిపోసింది. పైగా జలుబుల కాలం, సగంమంది దగ్గుతున్నారు. వాటిలో ఏ దగ్గని పట్టుకుంటుంది?

"చెప్పండమ్మా, కొట్టను. ఒట్టు."

ఎవరూ కదల్లేదు. ఎందుకు కదులుతారు? పోయిన వారం రంగుల సీసా పగిలినప్పుడూ ఇదే ఒట్టు వేసింది. రెండు జడల పిల్ల నమ్మి "నేనే టీచర్" అంటే, అరచేతులు కందిపోయేలా నాలుగు వడ్డించింది.

టీచరమ్మకి బ్యాటరీ సంగతి ఒక భయమైతే, తన మాట ఈ గదిలో చెల్లదన్నది అంతకుమించిన భయం. గబగబా వెళ్ళి రెండు జడల పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"ఆవేళ నువ్వు నిజం చెప్పావు. మెచ్చుకోవాల్సింది పోయి కొట్టాను. తప్పు నాదమ్మా."

స్కేలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల అటూ ఇటూ చూసి, దాన్ని కిటికీలోంచి బయటికి గిరాటేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

అప్పుడు చివరి బల్ల దగ్గర్నుంచి చీమిడిముక్కు బుజ్జిది, అడిగితే తప్ప పేరైనా చెప్పని పిల్ల, లేచి వచ్చింది.

"నేనే మింగా టీచర్. ఇక్కడ మండుతోంది."

ఒక చేత్తో గొంతు చూపిస్తూ, రెండో చెయ్యి ముందుకి చాపింది. దెబ్బ కోసం అరచెయ్యి పైకి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"శభాష్ నా తల్లీ!" అంటూ టీచరమ్మ దాన్ని ఎత్తుకుని పరుగు తీసింది.

ఆస్పత్రిలో డాక్టరు బ్యాటరీ బయటికి తీశాడు. "వేళకి తెచ్చారు. ఎలా కనిపెట్టారు?"

"నేనేం కనిపెట్టలేదండీ. తనే ధైర్యంగా చెప్పింది."

మంచం మీద బుజ్జిది మగతగా కళ్ళు తెరిచింది. టీచరమ్మని చూడగానే మళ్ళీ చెయ్యి చాపింది. టీచరమ్మ ఆ చిన్న అరచేతిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.