మూడో అధ్యాయంలో చచ్చిపోయే అక్క

ప్రెస్సులో ఆమెను అందరూ ఎర్రక్క అంటారు. మనిషి ఎర్రగా ఉండి కాదు, చేతిలో ఎర్రపెన్ను లేకుండా ఆమెను ఎవరూ చూసి ఎరగరు గనుక. ప్రూఫులు దిద్దడం ఆమె పని. వంటల పుస్తకం మొదలు వకీళ్ళు చదివే లావుపాటి పుస్తకం దాకా ఆ బల్ల మీదుగానే అచ్చుకు వెళ్ళాలి. ఆమె కన్నుగప్పి బయటపడ్డ అచ్చుతప్పులు బహు అరుదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే నడకలో కాస్త ఠీవి ఉంటుంది.

ఆ పొద్దున మాత్రం ఠీవీ లేదు, గీవీ లేదు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. కారణం బల్ల మీదున్న కాగితాల కట్ట. అది ఆమె చెల్లెలు రాసిన నవల.

చెల్లెల్ని ఇంట్లో బుజ్జి అంటారు. ఇంట్లో అంటే ఉన్నది వాళ్ళిద్దరే. అమ్మ పోయేనాటికి బుజ్జి ఇంకా బడికి వెళ్ళే పిల్ల. అప్పటినుంచీ జడ వేసిందీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చిందీ, లెక్కల్లో సున్నా వస్తే మాస్టారితో పోట్లాడిందీ అన్నీ ఎర్రక్కే. ఇప్పుడు బుజ్జి కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తోంది. బేరాలు లేని మధ్యాహ్నాలు కౌంటరు వెనక కూర్చుని, అక్కకు మాటమాత్రం చెప్పకుండా ఏకంగా నవల రాసేసింది. రాసి ఊరుకుందా అంటే అదీ లేదు, తిన్నగా వెళ్ళి ప్రెస్సు ఓనరు చేతిలో పెట్టింది. ఆయన నాలుగు పేజీలు తిరగేసి, రెక్కలున్న మగాళ్ళ ప్రేమకథలకు ఈమధ్య గిరాకీ బాగుంది, వేసేద్దాం అన్నాడు.

"ముందు నాకు చూపించాలని అనిపించలేదా?" అని ఎర్రక్క నిలదీసింది.

"ప్రూఫుల్లో ఎలాగూ చదువుతావుగా," అంది బుజ్జి చెప్పులు వేసుకుంటూ. "చదివాక ఎలా ఉందో చెప్పు. తప్పులు కాదక్కా, ఎలా ఉందో."

చేత్తో రాసిచ్చిన పుస్తకాలకు ఆ ప్రెస్సులో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు రచయిత రాసినది పైకి చదువుతుంటే, రెండోవారు కంపోజు చేసిన కాగితంతో సరిచూసుకుంటూ దిద్దుతారు. చదివేవారు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకే చెప్పాలి. దిద్దేవారు రచయిత మాట మార్చకూడదు. అనుమానం వస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయాలి, అంతే. సొంతంగా ఒక్క మాట చేర్చినా ఆ వృత్తిలో అంతకు మించిన పాపం లేదు. ఎర్రక్కకు చదివిపెట్టే పెద్దాయనను అందరూ బాబాయ్ అని పిలుస్తారు. ఆయన ప్రేమకథనైనా పన్నుల చట్టాన్నైనా ఒకే గొంతుతో చదవగలడు.

"అతని కళ్ళు నీలంగా మెరిశాయి ఫుల్‌స్టాప్. కోట్స్ మొదలు, నువ్వు నాదానివి కామా, ఈ నగరంలో ఏ నీడా నిన్ను తాకలేదు ఆశ్చర్యార్థకం, కోట్స్ అయిపోయాయి," అని చదివి బాబాయ్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఇందాకటి పేజీలో ఈ కళ్ళే తేనెరంగులో ఉన్నాయి కదమ్మా?"

"ప్రశ్నార్థకం పెట్టాను. మీరు చదవండి బాబాయ్."

కథ ఇదీ. మందుల షాపులో రాత్రి డ్యూటీ చేసే ఒక అమ్మాయి. ఎదుటి పెద్ద భవనంలో లిఫ్టులు బాగుచేసే ఒక కుర్రాడు. చీకటి పడితే వాడికి రెక్కలొస్తాయి. ఆ నగరంలో మనుషుల నీడల్ని దొంగిలించే ముఠా ఒకటి తిరుగుతుంటుంది. నీడ పోయిన మనిషి అక్కడికక్కడే కుప్పకూలిపోతాడు. రెక్కలవాడు ఆ ముఠాను వేటాడుతూ వేటాడుతూ ఈ అమ్మాయి ప్రేమలో పడతాడు.

"రెక్కలున్నవాడికి లిఫ్టులతో ఏం పనమ్మా?" అన్నాడు బాబాయ్.

ఎర్రక్క పళ్ళు నూరింది. ఆయన మీద కాదు, బుజ్జి మీద. కథలో రెండు వారాలు గడిచినా ఆ నగరంలో రోజూ పౌర్ణమే. హీరో నోరు తెరిస్తే గుర్రుమంటాడు. హీరోయిన్ ఎక్కడికి వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో అన్నీ వాడే తేల్చేస్తాడు, ఆ పిల్లేమో దాన్నే ప్రేమ అనుకుని కరిగిపోతుంటుంది. ఇలాంటి మగాడు నిజంగా గుమ్మంలోకి వస్తే చీపురు తిరగేసి ఉండేది ఎర్రక్క. అయినా బాబాయ్ మంచినీళ్ళకు లేచినప్పుడల్లా, తరవాతి కాగితం ఎత్తి దొంగచూపు చూడకుండా ఉండలేకపోయింది. ఆ వంతెన మీద పొగమంచూ, గోడల మీద పాకే యజమాని లేని నీడలూ, అంత చక్కగా ఎలా తోచాయో ఈ పిల్లకు! ఒక పేజీకి ఒళ్ళు మండుతోంది, ఇంకో పేజీకి ఒళ్ళు పులకరిస్తోంది. ఏది నమ్మాలో తెలియక ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.

అందులో ఒక అక్క కూడా ఉంది. చెల్లెలు ఫోను ఎత్తకపోతే నేరుగా షాపుకే వచ్చేసే అక్క. చినుకు పడితే గొడుగు పట్టుకుని బస్టాపులో నిలబడే అక్క. చెల్లెలు తినేదాకా తాను కంచం ముందు కూర్చోదు, కూర్చున్నాక మాత్రం చెల్లెలి కంచంలోంచి తీసుకు తింటుంది. వినగానే ఎర్రక్క చెవులు వేడెక్కాయి. బాబాయ్ మీసం చాటున నవ్వుకున్నాడు. ఆమెకు లోపల్లోపల ఎంత గర్వంగా ఉందంటే, ఆ పేజీల్లో రెండు తప్పుల్ని చూసి కూడా వెంటనే దిద్దబుద్ధి కాలేదు.

మూడో అధ్యాయం చివరికి వచ్చారు.

"అక్క నీడ గోడ మీంచి ఊడి వచ్చేసింది ఫుల్‌స్టాప్," బాబాయ్ గొంతు కాస్త నెమ్మదించింది. "అక్క వంతెన మీద కూలిపోయింది ఫుల్‌స్టాప్. ఆమె వెనక్కి చూడలేదు ఫుల్‌స్టాప్. అతని చెయ్యి పట్టుకుని పరుగెత్తింది ఫుల్‌స్టాప్. కొత్త పేజీ, అధ్యాయం నాలుగు. మేడ మీద గాలి చల్లగా..."

"ఆగండి. మధ్యలో కాగితం ఏదైనా తప్పిపోయిందేమో చూడండి."

ఆయన చూశాడు. తిరగేసి మళ్ళీ చూశాడు. "వరసగానే ఉన్నాయమ్మా."

నాలుగో అధ్యాయంలో వాళ్ళు మేడ మీద ముద్దు పెట్టుకున్నారు. అక్క ఊసు లేదు. ఐదులోనూ లేదు. ఇన్నేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న పిల్ల, తనను అలా వీధిలో పడేసి, వెనక్కి తిరిగైనా చూడకుండా పోయిందా? కథే కదా అని ఎర్రక్క తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్న మాట చెవికెక్కలేదు.

మిగిలిన కట్ట ఇంటికి పట్టుకుపోయింది. సాయంత్రం బుజ్జి వచ్చి, బ్యాగు ఇంకా భుజం మీదుండగానే, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది.

"నడుస్తోంది."

"నడుస్తోందంటే?"

"నడుస్తోందంటే నడుస్తోందే! కాళ్ళు కడుక్కుని రా."

బుజ్జి కాసేపు వంటింటి గుమ్మంలోనే నిలబడింది. ఏదో చెప్పబోయి, మానేసి, గదిలోకి వెళ్ళిపోయింది. ఎర్రక్క పొయ్యి పక్కన నిలబడి ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని చదువుతూనే ఉంది. ఆమె వెతుకుతున్నది ఒక్కటే. ఇలాంటి కథల్లో చచ్చినవాళ్ళు లేచి రావడం మామూలే గదా. అనుకున్నట్టే, ఆఖరి అధ్యాయంలో రెక్కలవాడు ముఠా గిడ్డంగి తలుపులు బద్దలు కొట్టాడు. దొంగిలించిన నీడలన్నీ బిలబిలమంటూ బయటికొచ్చాయి. పేపర్లమ్మే అతని నీడ వచ్చింది, అతను లేచి కూర్చున్నాడు. ట్రాఫిక్ పోలీసు లేచాడు. చివరికి వీధికుక్క నీడ కూడా తిరిగొచ్చి, కుక్క ఒళ్ళు దులుపుకుంది. అక్క నీడ మాత్రం రాలేదు. అప్పటికి కూర అడుగంటి ఇల్లంతా పొగ కమ్ముకుంది.

మర్నాడు ప్రెస్సులో మొదటి ప్రూఫు పూర్తిచేసి పంపేముందు, ఎర్రక్క మూడో అధ్యాయం ఆఖరి పేజీ మళ్ళీ తీసింది. పెన్ను కాగితం మీద పెట్టింది, ఎత్తింది, మళ్ళీ పెట్టింది. 'ఆమె వెనక్కి చూడలేదు' అన్న వాక్యం కొట్టేసి, పక్కన ఖాళీలో, 'ఆమె వెనక్కి తిరిగి అక్కను చూసి భోరుమంది' అని గుండ్రంగా రాసింది. ప్రశ్నార్థకం పెట్టలేదు.

బాబాయ్ అంతా చూశాడు. "ఇది దిద్దడం కాదమ్మా," అన్నాడు మెల్లగా.

"నాకు తెలుసు."

కాగితాలు కంపోజింగు గదికి వెళ్ళిపోయాయి. వెళ్ళిన మరుక్షణం నుంచి ఎర్రక్కకు కాలు నిలిస్తే ఒట్టు. వెళ్ళి ఆపేద్దామని లేచింది, అక్కడిదాకా వెళ్ళి కిటికీలోంచి చూసి వచ్చేసింది. ఇంకొకళ్ళ మాటలో తన మాట దూర్చినందుకు సిగ్గేసింది. ఆ మాట అక్కడ ఉండాల్సిందేనని పట్టుదలా వచ్చింది. రెండో ప్రూఫు రచయితకు వెళుతుంది. బుజ్జి చూడకుండా ఉండదు. చూడాలనే రాసిందో, చూడకూడదనుకుందో ఆమెకే తెలియలేదు.

రెండో ప్రూఫు అందిన రోజు మధ్యాహ్నమే బుజ్జి ప్రెస్సుకు వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. బాబాయ్ ఆ మొహం చూసి, టీ తాగి వస్తానని లేచి వెళ్ళిపోయాడు. ఆయన అప్పుడే ఒకసారి తాగి వచ్చాడు.

బుజ్జి ఆ పేజీ బల్ల మీద పెట్టింది. "ఇది నేను రాయలేదు."

"నేనే రాశాను."

"కళ్ళ రంగుకి ప్రశ్నార్థకం పెట్టావు. పౌర్ణమికి పెట్టావు. ఇక్కడ మాత్రం అడగనైనా అడగలేదు."

"ఏమని అడగమంటావే?" ఎర్రక్క గొంతు లేచింది. "చచ్చింది మనిషి! ఏడుపు లేదు, తలుచుకోవడం లేదు, మర్నాడు మేడెక్కి ముద్దులు! వీధికుక్కకి కూడా నీడ తెచ్చి అతికించావు, అక్కది మాత్రం ఏ గంగలో కలిసింది? నేనంటే అంత విసుగొచ్చేసిందా నీకు?"

పక్కగదిలో మిషను తిప్పే అతను తొంగిచూసి, వెంటనే తల లోపలికి లాక్కున్నాడు.

బుజ్జి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "నిన్ను బతికించి మూడుసార్లు రాశానక్కా. ఒట్టు. మొదటిసారి వాళ్ళు వంతెన దాటేలోపే నువ్వు గొడుగేసుకుని వచ్చేశావు. రెండోసారి ముఠావాళ్ళని నువ్వే తిట్టి తరిమేశావు. మూడోసారి ఆ రెక్కలవాణ్ణి లోపలికి పిలిచి, మీ వాళ్ళెక్కడుంటారని అడిగి అన్నం పెట్టావు. కథ మన వంటింట్లోనే అయిపోయేది. నువ్వు బతికుంటే అది గడప దాటదు. చంపక ఏం చెయ్యను?"

ఎర్రక్కకు నవ్వు తన్నుకొచ్చింది. అంత కోపంలోనూ వచ్చింది. దాన్ని మింగి, "మరి ఏడవడానికేం?" అంది.

"ఏడిస్తే ఆగిపోతుంది. ఆగితే వెనక్కి వచ్చేస్తుంది." బుజ్జి కళ్ళు నిండాయి. "మా షాపు వాళ్ళు వేరే ఊళ్ళో బ్రాంచి పెడుతున్నారు. నన్ను చూసుకోమన్నారు. సరే అన్నాను. నీకు చెబుదామని రోజూ అనుకుంటాను, రోజూ నోరు పెగలదు."

మొన్న సాయంత్రం వంటింటి గుమ్మంలో ఈ పిల్ల మింగేసిన మాట ఏమిటో ఎర్రక్కకు ఇప్పుడర్థమైంది. వద్దు అనడం ఎంత సులువో కూడా అర్థమైంది. ఒక్క మాట అంటే చాలు, బుజ్జి ఆగిపోతుంది. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంతెన మీద కూలిపోవడమంటే ఎలా ఉంటుందో, ఆ కుర్చీలో కూర్చునే తెలిసింది ఆమెకు.

ఆమె ఆ పేజీని దగ్గరికి లాక్కుంది. తన వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. పైన బుజ్జి వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి రాసింది. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు.

"ఎలా ఉందో ఇంకా చెప్పనేలేదు నువ్వు," అంది బుజ్జి, ముక్కు తుడుచుకుంటూ.

"నిజం చెప్పనా?"

"చెప్పు."

"సగానికి పైగా చెత్త. వాడు మనిషి కాదు, రాక్షసుడూ కాదు, ఒట్టి మొండివెధవ. వాడికి పడిపోయిన ఆ పిల్లకి నాలుగు తగిలించాలనిపించింది. అయినా కూర మాడిపోతున్నా కాగితం దించలేకపోయాను. నువ్వు రాయగలవే. అది మాత్రం ఒప్పుకోవాలి." ఎర్రక్క గుక్క తిప్పుకుంది. "కానీ మూడో అధ్యాయం దాటాక ఆ పిల్ల ఒక్కసారి కూడా మామూలుగా మాట్లాడలేదు. నవ్వలేదు, తిట్టలేదు, ఆకలేస్తోందని కూడా అనలేదు. అక్క పోయాక ఆ పిల్లెవరో నాకు తెలియకుండా పోయింది. ఎందుకలా రాశావు?"

"అక్క లేకుండా ఆ పిల్ల ఎలా ఉంటుందో నాకు తెలీదు," అంది బుజ్జి. "నేనింకా వెళ్ళలేదుగా."

ఎర్రక్క బాబాయ్ కుర్చీ లాగి, చెల్లెల్ని భుజం పట్టి అందులో కూర్చోబెట్టింది. మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. తరవాత "ప్రయాణం ఎప్పుడు?" అని అడిగింది.